తుంటి పటంలో వెండి మొలతాడు

తెలుగు మగవాళ్ళెవరైనా తుంటి స్కానుకి వస్తే, మిగతా పేషెంట్లను అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. "మొలతాడు ఉందా?" తెలంగాణ మనిషైతే "మొల్దారం ఉందా?" అంటాను. యాభై ఏళ్ళవాడు కూడా ఆ మాట వినగానే పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు తల దించేస్తాడు.

మా సీటీ గది గోడకి ఒక పట్టిక ఉంది. లోపలికొచ్చే ముందు ఒంటిమీద నుంచి తీసేయాల్సిన వస్తువుల జాబితా. బెల్టు, తాళంచెవులు, చిల్లర, ఫోను, అన్నీ నాలుగు భాషల్లో రాసి ఉన్నాయి. మొలతాడు ఏ భాషలోనూ లేదు. మగవాడి నడుముకి, బట్టల కింద, పురిటి మంచం రోజుల నుంచీ ఒక తాడు ఉంటుందని ఆ పట్టిక రాసినవాళ్ళకి ఎవరు చెబుతారు? నేను చేరిన కొత్తలో నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒక చిత్రం చూసి, పేషెంటు గొలుసు మింగేశాడని హడావుడి పడిపోయింది. అది నిజామాబాద్ వైపు మేస్త్రీ వెండి మొలతాడు. ఆ రోజు నుంచి తెలుగువాళ్ళు వస్తే నన్నే పిలుస్తారు.

మాది కాకినాడ దగ్గర. ఎనిమిదేళ్ళుగా దోహాలో ఒక ఆసుపత్రిలో సీటీ టెక్నీషియన్‌ని. అల్ వక్రాలో కాపురం, మెట్రోలో రాకపోకలు. తుంటి ఎముకల బలం కొలిచే స్కాను మా దగ్గర రోజూ ఉండదు గానీ, ఉన్న రోజు అది నా పనే. నాకు ఓపిక తక్కువ, నోరు కాస్త పెద్దది, చిత్రం మాత్రం ఎప్పుడూ శుభ్రంగా తీస్తాను. ఈ మూడూ మా విభాగంలో అందరికీ తెలిసిన విషయాలే.

ఈ స్కాను సంగతి కొంచెం చెప్పాలి. మామూలు ఎక్స్‌రేలో ఎముక నీడగానే కనిపిస్తుంది. సీటీలో అయితే పైనున్న గట్టి పెంకు వేరుగా, లోపలున్న గుల్ల భాగం వేరుగా చూడొచ్చు. ఎముక ఎంత ఉందన్నదే కాదు, ఉన్నది ఎలా ఉందో కూడా తెలుస్తుంది. పేషెంటు తుంటి కింద ఒక పలక పెడతాం. అందులో సాంద్రత ముందే తెలిసిన కడ్డీలు ఉంటాయి. మనిషి ఎముకా ఆ కడ్డీలూ ఒకే చిత్రంలో పడతాయి కాబట్టి, వాటి పక్కన పెట్టి దీన్ని కొలుస్తాం. పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ పలకని ఒక్కదాన్నే స్కాను చేసి, నిన్నటి అంకెలే వస్తున్నాయో లేదో చూసుకుంటాను. తేడా వస్తే ఆ రోజు ఎవరినీ బల్ల ఎక్కించను. పెద్ద డాక్టరు వచ్చి అడిగినా ఎక్కించను.

తుంటి దగ్గర వెండి ఉంటే చిత్రమంతా చారలు పడతాయి. చారల మధ్య ఎముకని కొలవడం కుదరదు. అలాగని నేను ఎవరి మొలతాడూ తీయించలేదు. పైకి జరిపించి, పక్కటెముకల దగ్గర ప్లాస్టరు అంటిస్తాను. స్కాను అయిపోయాక ప్లాస్టరు పీకేస్తే అది మళ్ళీ నడుం మీదికి దిగుతుంది. ఈ ఉపాయం నేనే కనిపెట్టానని నాకు కొంచెం గర్వం ఉండేది. మన మగవాళ్ళ ఆచారం నాకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఏ టెక్నీషియన్‌కీ తెలియదనుకునేదాన్ని. సగమే తెలుసని తర్వాత తెలిసింది.

ఆయన వచ్చింది చలికాలం మొదట్లో, ఒక ఆదివారం పొద్దున. నలభై ఏడు నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. జగిత్యాల పక్క పల్లెటూరు. సైట్ల మీద స్కాఫోల్డింగ్ కట్టే పని. బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపులో ఉంటాడు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడిచాడు. చేతిలో ఉన్న కాగితం మీద డాక్టరు రాసింది చదివాను. కొద్ది రోజుల క్రితం నిచ్చెన చివరి మెట్ల మీద నుంచి పడ్డాడు. ఎముక విరగలేదు గానీ, ఎక్స్‌రేలో వయసుకి తగినంత చిక్కగా లేదు. తుంటి ఎముక బలం కొలిచి, ఎత్తులో పనిచేయడానికి పనికొస్తాడో లేదో చెప్పాలి.

అంటే ఆ రోజు నేను తీసే చిత్రం మీదే ఆయన మళ్ళీ పైకెక్కుతాడా, విమానం ఎక్కుతాడా అన్నది ఆధారపడి ఉంది. ఇలాంటి కాగితాలు చాలా చూశాను. చూసి చూసి, చదివి పక్కన పెట్టేయడం అలవాటైపోయింది.

"మీది తెలంగాణేగా అన్నా? కూర్చోండి. కొన్ని ప్రశ్నలు అడుగుతాను," అన్నాను.

"తెలుగోల్లా మేడం?" అని మొహం కొంచెం విప్పారింది. "అడుగుండ్రి."

గబగబా అడిగాను. ముందు ఎముకలు విరిగాయా, షుగరు ఉందా, స్టెరాయిడ్లు వాడారా, సిగరెట్టు ఉందా. అన్నిటికీ లేదన్నాడు. అన్నిటికీ లేదు అని గుర్తు పెట్టేశాను. బయట ఇంకా నలుగురున్నారు.

"మొల్దారం ఉందా?"

"లేదు మేడం," అన్నాడు కాసేపటికి.

"అమ్మయ్య, బతికించారు! మీ వైపు నుంచి మొల్దారం లేకుండా వచ్చిన మనిషిని ఇన్నేళ్ళలో మిమ్మల్నే చూశాను. ఇక్కడికొచ్చి ఫ్యాషన్ నేర్చుకున్నారా ఏంటి?" అని నవ్వాను. నా మాటకి నేనే నవ్వడం నాకున్న ఇంకో జబ్బు. ఆయన నవ్వలేదు. ఆసుపత్రి గౌను వేసుకోవడానికి తెర వెనక్కి వెళ్ళాడు.

బల్ల మీద పడుకోబెట్టి, తుంటి కింద పలక పెట్టి, సందులో గాలి లేకుండా జెల్ సంచీ దూర్చి, పాదాలు లోపలికి తిప్పి పట్టీ కట్టాను. చేతులు ఛాతీ మీద పెట్టుకోమని చెప్పి అద్దం ఇవతలికి వచ్చాను. అసలు స్కానుకి ముందు ఒక మామూలు బొమ్మ తీస్తాం, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా తీయాలో గీత గీసుకోవడానికి. ఆ బొమ్మ తెర మీద పడగానే నాకు ఒళ్ళు మండింది. ఆయన చేతులు కిందికి దించేశాడు. ఎడమ పిడికిలి సరిగ్గా తుంటి మీద ఉంది. ఆ పిడికిలిలో తెల్లగా మెరుస్తూ, చుట్టలు చుట్టుకుని, గొలుసు. వెండి మొలతాడు. దాన్ని గుర్తుపట్టడంలో నేను పొరపడను.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. "లేదన్నారు కదన్నా? అబద్ధం ఎందుకు చెప్పారు? నేనేమైనా లాక్కుంటానా? ముందే చెబితే ప్లాస్టరు వేసేదాన్ని కదా! పిడికిలి విప్పండి."

ఆయన విప్పాడు. సన్నటి వెండి గొలుసు, చిన్న చిన్న గజ్జెలతో. చాలా ఏళ్ళు ఒంటిమీద ఉండి అరిగి నున్నబడినది. కొక్కెం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇంకోచోట తెగింది. తెగిన అంచులు రెండూ నలిగి పదునుగా ఉన్నాయి.

అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. "తెగిపోయిందని చేతిలో పట్టుకు తిరుగుతారా ఎవరైనా? ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో వెండి పనివాడు ఒకడున్నాడు. నేను మొదట్లో ఆ వీధిలోనే ఉండేదాన్ని. పావుగంటలో అతికిస్తాడు," అన్నాను.

"అతికిచ్చేటిది గాదు చెల్లె," అన్నాడు. మేడం నుంచి చెల్లెలికి దిగాడు. కళ్ళు పైకప్పు వైపే ఉన్నాయి. "మా ఇంటామె పాయె. పద్నాలుగు దినాలాయె. పదో దినం నాడు తెంపిండ్రు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. భార్య పోతే మగవాడి మొల్దారం తెంపుతారు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే తప్ప ఇక కట్టుకోడు. ఊళ్ళో అయితే చెరువు కాడ బావమరిది చేయాల్సిన పని. ఇక్కడ క్యాంపులో పక్కూరి పెద్దాయన ఒకాయన ఉన్నాడు. బట్టలుతికే పంపు దగ్గర కూర్చోబెట్టి తలమీద నీళ్ళు పోశాడు. కొక్కెం తీసి ఇస్తానంటే ఆ పెద్దాయన ఒప్పుకోలేదట.

"తీసుడు గాదు, తెంపాలె అన్నడు. దారం అయితే చేత్తోని తెగు. ఇది ఎండిదాయె. సైటు మీద బైండింగ్ వైరు కోసే ప్లయర్ తెచ్చి తెంపిండు," అన్నాడు.

నేను పెరిగిన ఇంట్లో ఎవరూ ఈ మాట అనగా వినలేదు. మా పెద్దమ్మ పోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆవిడకి పసుపు రాశారు, పువ్వులు పెట్టారు, అన్నీ చూశాను. మా పెదనాన్న నడుముకి ఏం చేశారో నాకేం తెలుసు? మొగుడు పోతే ఆడదానికి తీసేవన్నీ నలుగురి మధ్య తీస్తారు, మళ్ళీ ఏడాది పొడుగునా ఊరంతా చూస్తుంది. మగవాడికి తీసింది పంచె కింద ఉంటుంది. ఎవరూ చూడరు కాబట్టి ఎవరూ పలకరించరు. నేను పలకరించిన పద్ధతి మాత్రం ఇదిగో, ఇలా ఉంది. ఫ్యాషనా అని అడిగాను. అబద్ధాలకోరన్నాను. అతికించుకోమన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"అన్నా, తప్పయిపోయింది," అన్నాను. "తెలియక నోరు జారాను."

"నీకేం ఎరుక తియ్యి," అన్నాడు.

పట్టీ విప్పి లేపి కూర్చోబెట్టాను. బయట నలుగురున్నారు, ఉండనీ అనుకున్నాను. మంచినీళ్ళు ఇచ్చాను. పడిన సంగతి అప్పుడు చెప్పాడు. భార్యకి మూడు రోజుల జ్వరం. సైటులో రెండో అంతస్తు ఎత్తున ఉండగా, ఆమె పోయిందని ఊరి నుంచి ఫోను వచ్చింది. దిగుతూ దిగుతూ కాళ్ళు తడబడి పడ్డాడు. కంపెనీ టికెట్ తీస్తానంది గానీ, ఆ రెండు రోజులూ లేచి నిలబడలేకపోయాడు. నిలబడేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. దహనం ఆ ఫోన్లోనే చూపించారట.

"ఇప్పుడు ఇంటికి వెళ్ళొచ్చు కదన్నా?" అన్నాను.

"పోతే ఎవలున్నరు చెల్లె? పిల్లలు గాలేదు మాకు. తలుపుకు తాళమేసి తాళంచెవి పక్కింట్ల ఇచ్చిండ్రట." గొలుసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పైన పని జేసేటప్పుడు ఏం మతికి రాదు. కాలు యాడ పెట్టాలె, చెయ్యి యాడ పెట్టాలె, గదే సోయి. కింద కూసుంటె మతికొస్తది. నీ దండం బెడత, నా బొక్క గట్టిగున్నదని రాయి చెల్లె. నన్ను పైకెక్కనీయమను."

వాళ్ళ మాటలో బొక్క అంటే ఎముక. రాసేది నేను కాదని, నేను చిత్రం తీస్తానంతేనని చెప్పాను. అది సగం నిజం. స్కాను అయ్యాక కంప్యూటర్లో తుంటి ఎముక మెడ దగ్గర ఒక గడి గీస్తాం. ఎక్కడ గీస్తే అక్కడి అంకె వస్తుంది. కొంచెం జరిపితే అంకె కొంచెం జరుగుతుంది.

ఈసారి ప్రశ్నలు మళ్ళీ మొదటి నుంచి, మనిషితో మాట్లాడినట్టు అడిగాను. "స్టెరాయిడ్లు" అనలేదు. "నొప్పులకి ఏమైనా గోలీలు వేసుకుంటారా?" అన్నాను.

"గవి ఏసుకుంట. గవి లేకుంటె డ్యూటీ చేసుడు అయితదా?"

తెర వెనక వదిలిన ప్యాంటు జేబులోంచి ఒక చిన్న మూట తెచ్చాడు. పాత చీరలోంచి చింపిన చదరపు ముక్క, నీలం మీద తెల్ల చుక్కలు. మూల మూలకి ముడి వేసి, ముడి మీద మళ్ళీ ముడి. లోపల తెల్లటి చిన్న మాత్రలు, ఎక్కువ విడివిడిగా, కొన్ని రేకుల్లో. ఊళ్ళో మందులిచ్చే ఆయన దగ్గర భార్య కొని, సెలవు నుంచి తిరిగొచ్చే ప్రతి మనిషి చేతా పంపేది. ఏడెనిమిదేళ్ళుగా రోజూ పొద్దున ఒకటి వేసుకుని డ్యూటీకి వెళ్తున్నాడు. నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేదట.

రేకు మీద పేరు చదివాను. స్టెరాయిడే. పోదా మరి నొప్పి! నొప్పితో పాటు ఎముకలోని బలాన్ని కూడా కొంచెం కొంచెంగా తీసుకుపోయే మందు అది. నా మొహంలో ఏమీ కనబడకుండా మూట తిరిగి ఇచ్చాను. ఇంతకుముందు పెట్టిన "లేదు" గుర్తు కొట్టేసి, "ఉంది, చాలా ఏళ్ళుగా, రోజూ" అని రాశాను.

అప్పుడు స్కాను చేశాను. గొలుసు నా కోటు జేబులో దాచమని ఇచ్చాడు. చేతులు ఛాతీ మీద పెట్టుకుని కదలకుండా పడుకున్నాడు. ఆ ఏడాది నేను తీసిన వాటిలో అంత శుభ్రమైన చిత్రం ఇంకొకటి లేదు. ఒక్క చార లేదు. చారలు పడటానికి ఆయన నడుముకి ఏం మిగిలింది గనక.

తెర మీద ఆయన తుంటిని చూస్తూ కూర్చున్నాను. లోపలి గుల్ల భాగంలో ఉండాల్సిన అల్లిక చాలాచోట్ల లేదు, పాతబడిన చేపల వలలాగా. పైనుండే పెంకు మెడ పైభాగంలో బాగా పల్చబడింది. పడితే మొదట విరిగేది అక్కడే. గడి గీశాను. అంకె వచ్చింది, తక్కువే. మౌస్ మీద చెయ్యి అలాగే ఉంది. కొంచెం కిందికి జరిపితే, పెంకు మందంగా ఉన్న చోటు గడిలోకి వస్తుంది. ఎవరూ పట్టుకోరు. పొద్దున ఆ మనిషిని అన్న మాటలకి ఈ పని చేసి రుణం తీర్చుకోవాలని మనసు పీకింది. చేయలేదు. అది నా గొప్ప కాదు. నిచ్చెన మీద నుంచి ఆయన ఇంకోసారి పడటం కళ్ళకు కట్టింది, అంతే. ఉన్న చోటే ఉంచి పంపేశాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా ఆయన్ని అడిగాను, మీకు ఈ సంగతి తెలుసా అని. "తెలుసు. మా నాన్నకి తీశారు కదా," అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నాకెప్పుడూ చెప్పలేదేమని దెబ్బలాడాను. "నువ్వు అడిగావా?" అన్నాడు. నిజమే, అడగలేదు. నేను మొలతాడుందా అని మాత్రమే అడుగుతాను.

నాలుగు రోజుల తర్వాత ఎముకల డాక్టరమ్మ దగ్గర నుంచి కబురు వచ్చింది, మాట తర్జుమా చేయడానికి రమ్మని. ఆవిడ సూడాన్ దేశస్థురాలు, నెమ్మదైన మనిషి. ఆయన ఆవిడ ఎదురుగా, కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. మూట బల్ల మీద ఉంది. డాక్టరమ్మ ఒక్కో వాక్యం ఆపి ఆపి చెప్పింది. ఎముక చాలా బలహీనంగా ఉంది. ఎత్తులో పనిచేయకూడదు, బరువులు ఎత్తకూడదు. ఈ మాత్రలే దీనికి కారణం. ఒక్కసారిగా మానేయకూడదు, ప్రాణం మీదికొస్తుంది. మేమిచ్చే లెక్క ప్రకారం కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. ఎముకకి వేరే మందు రాస్తాను.

నేను అన్నీ చెప్పాను, ఒక్క వాక్యం తప్ప.

పైకెక్కకూడదన్న మాటకి ఆయన తల ఊపాడు. కాసేపు ఆ నీలం మూట వైపు చూశాడు.

"ఈ గోలీల వల్లనేనా చెల్లె?"

"కాదన్నా," అన్నాను. ఆ జవాబు ఎంత తొందరగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యం వేసింది. "ఎముకలు అరగడానికి చాలా కారణాలుంటాయి."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. మొహం తేటపడింది. "గంతేనా. నేను భయపడ్డ. రూముల అందరం గివే తింటం. ఆరుగురం. నొస్తుందంటె నేనే ఇస్త. మా ఇంటామె అందరికి సరిపోను పంపుతుండె."

డాక్టరమ్మకి తెలుగు రాదు. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆయన మీద జాలితో ఆడిన అబద్ధం ఆ రూములో ఇంకో ఐదుగురి ఎముకల్లోకి వెళ్తుంది. చెప్పకుండా ఎలా ఉండను? చెబితే ఈ మనిషికి మిగిలిన ఆ కాస్తా, అంటే ఆవిడ తనని చూసుకుందన్న తలపు, ఏమవుతుంది? నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"అన్నా, మీతో అబద్ధం చెప్పాను. ఈ గోలీల వల్లే. డాక్టరమ్మ ఆ మాట కూడా చెప్పింది. నేను దాచాను. ఇవి రోజూ తింటే ఎముకలు గుల్లవుతాయి. రూములో వాళ్ళు కూడా తినకూడదు. మానే ముందు మాత్రం ప్రతివాళ్ళూ డాక్టరుకి చూపించుకోవాలి."

ఆయన మూట దగ్గరికి లాక్కున్నాడు. వేలితో ఆ ముడిని తడుముతూ కూర్చున్నాడు. నేను తిట్టించుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆమెకేం ఎరుక చెల్లె," అన్నాడు చివరికి. "నాకు నొస్తుందని పంపింది."

"అవునన్నా."

"నొప్పి తగ్గింది గదా. గది అబద్ధం గాదు గదా?"

"తగ్గింది. అది నిజం," అన్నాను.

డాక్టరమ్మకి మొత్తం ఇంగ్లీషులో చెప్పాను, నేను దాచిన సంగతితో సహా. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. రూములో మిగిలిన ఐదుగురినీ క్యాంపు క్లినిక్కుకి పంపమని ఒక చీటీ రాసిచ్చింది.

కంపెనీ ఆయన్ని కింద స్టోరులో కూర్చోబెడుతుందేమోనని నాకు ఆశ ఉండేది. స్టోరులో ఖాళీ లేదన్నారట. ఎగ్జిట్ వేశారు, అంటే వీసా రద్దు చేసి ఇంటికి పంపేయడం. ఆ మాట ఫోను చేసి ఆయనే చెప్పాడు. మాత్రలు తగ్గించడం పూర్తయ్యేదాకా ఆగమని డాక్టరమ్మ రాస్తే, అన్నాళ్ళూ క్యాంపులో ఉండనిచ్చారు. ఎవరిని ఏమనను? అంకె పంపింది నేను. ఆ అంకె సరైనదే. దాన్ని తలుచుకున్నప్పుడల్లా ఈ రెండు మాటలూ నాకు పక్కపక్కనే వస్తాయి, ఒకదాన్ని ఇంకొకటి మాపదు.

వెళ్ళే ముందు ఆయన ఒకరోజు మధ్యాహ్నం మా విభాగానికి వచ్చాడు. నడక కొంచెం మెరుగైంది. కొత్త చొక్కా వేసుకున్నాడు. రూములో ఐదుగురూ చూపించుకున్నారని, అప్పుడప్పుడు వేసుకునేవాళ్ళు మానేశారని, రోజూ వేసుకునే ఒకతనికి తనలాగే తగ్గిస్తున్నారని చెప్పాడు. మూట నా ముందు పెట్టాడు. నిండుగానే ఉంది.

"అందరి కాడ ఉన్నయి జమ జేసి తెచ్చిన. చెత్త డబ్బాల ఏస్తె ఎవలన్న ఏరుకుంటరని ఏయలె. గోలీలు మీరుంచుకోండ్రి," అన్నాడు. "బట్ట నాకియ్యి చెల్లె."

ఫార్మసీ వాళ్ళ దగ్గర నుంచి ఒక డబ్బా తెచ్చాను. ముడి విప్పడానికి ఆయనకే వదిలేశాను. మాత్రలు డబ్బాలోకి వంపి, బట్ట దులిపి, నా బల్ల మీద పరిచాడు. బట్ట మీద మాత్రల తెల్లటి పొడి అంటుకుని ఉంది. అరచేత్తో తుడిచాడు. జేబులోంచి తెగిన మొల్దారం తీసి మధ్యలో చుట్టగా పెట్టాడు. గజ్జెలు చిన్నగా చప్పుడు చేశాయి.

మూలలు దగ్గరికి తెచ్చి ముడి వేశాడు. ఎత్తగానే జారిపోయింది. విప్పి మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. "ఆమె ఎట్లేస్తుండెనో," అన్నాడు నెమ్మదిగా. ఎనిమిదేళ్ళు ప్రతి మూటా విప్పినవాడే గానీ, కట్టింది ఎప్పుడూ ఆయన కాదు. మూడోసారి నేను రెండు మూలలు గట్టిగా పట్టుకున్నాను. మిగిలిన రెండిటితో ఆయన ముడి వేసుకున్నాడు.